మిగిలిన ముక్క

పెరంబూరులో అరవ ఆరాధన ఎనిమిదికి,
తెలుగు ఆరాధన పదిన్నరకి.
మధ్య అరగంటలో బల్ల గుడ్డ మార్చాలి, గిన్నె కడగాలి,
వాళ్ళ మల్లెపూల వాసన పోకముందే
మావాళ్ళు బెంచీలు పట్టుకోవాలి.

మా తాత నతానియేలుది తలుపు పక్క చివరి బెంచీ.
క్యారేజీ వర్క్‌షాపులో రివెట్లు కొట్టిన మనిషి.
బిగిసిందో లేదో సుత్తి మోత విని చెప్పేవాడట.
కీర్తనలు గట్టిగా పాడేవాడు, కానుక వేసేవాడు,
ప్రభువు బల్లకి పిలిచినప్పుడు మాత్రం
మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని
గోడమీది బల్లిని చూస్తూ ఉండిపోయేవాడు.
ఇరవై ఏళ్ళు.

నంద్యాల వాడు.
నలభై ఏడులో, జెండా ఎగిరిన నెల తర్వాత,
ఈ ఊళ్ళోనే పెద్ద గుడిలో
వేరువేరు మిషన్ల వాళ్ళు ఒక్క సంఘమయ్యారు.
తాత వైపు వాళ్ళు చాలామంది కలవలేదు.
"బిషప్పు చెయ్యి పడని తల పాదిరి తల గాదు.
పేతురు చెయ్యి ఒకని మీద, వాని చెయ్యి ఇంకొకని మీద,
గొలుసు అది. ఒక్క లంకె ఊడితే
బండి యాడికి పోతాది?"

అవ్వ రాహేలమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ అనేది:
"బండి వాకిట్లోకి వచ్చి నిలబడింది.
నువ్వు లంకెలు లెక్కబెడతా ఉండు, నేను ఎక్కతా."
ఎక్కింది కూడా.
ఇంట్లో రెండు సంఘాలు, ఒకటే పొయ్యి.

కీల్పాక్ ఆస్పత్రిలో అవ్వ ఆఖరి వారం.
సత్యానందం అయ్యగారు రిక్షా దిగి వచ్చారు.
ఆయన తలమీద చేతులుంచింది
ఇద్దరు దొరలు, ఒక బడిపంతులు, సంఘం పెద్దలు.
బిషప్పు లేడు.
సీసాలో ఉన్నదీ ద్రాక్షారసం కాదు,
ఎండు ద్రాక్షలు మరగబెట్టిన నీళ్ళు.
తాత వరండాలోకి వెళ్ళిపోయాడు.
నాకు ఎనిమిదేళ్ళు. అయ్యగారి గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

అవ్వ నోరు తెరిచింది. ముక్క దిగలేదు.
తడిసి, పెదవి మీదికి తిరిగొచ్చింది.
అయ్యగారు దాన్ని అరచేతిలోకి తీసుకున్నారు,
తీసుకుని ఏం చెయ్యాలో తోచక ఆగిపోయారు.
మంచం కింద బేసిను చూపించి
నర్సమ్మ చెయ్యి చాచింది.

అప్పుడు వరండాలో
చెప్పులు విడిచిన చప్పుడు.

"ఇట్లియ్యండి" అన్నాడు తాత.
ఆ ముక్క నోట్లో వేసుకున్నాడు.
గిన్నెలో మిగిలింది తాగాడు.
కూజా వంచి గిన్నెలో నీళ్ళు పోసి,
చుట్టూ తిప్పి, అదీ తాగాడు,
పాత ప్రార్థనల పుస్తకంలో ఉన్నట్టే,
ఒక్క చుక్క నేలపాలు కాకుండా.
గుడ్డతో తుడిచి గిన్నె చేతికిచ్చాడు.
అయ్యగారేమీ అడగలేదు.

అది ప్రభువు శరీరమని తిన్నాడా,
ఆమె ఎంగిలని తిన్నాడా?
భూస్థాపన అయిన ఆదివారం
మళ్ళీ అదే చివరి బెంచీ, అదే బల్లి.

తర్వాత చాలా ఏళ్ళకి నేను మోకరించాను.
బిషప్పు చెయ్యి నా తలమీద పడింది:
బరువుగా, చెమటగా, కర్పూరం నూనె వాసనతో.
నీ గొలుసే తాతా,
కాకపోతే ఆడదాని కొప్పుకి తగులుకుంది.
నువ్వుంటే నా చేతి రొట్టె తినేవాడివి కాదు.
తెలుసు. అడగను.

ఇప్పుడు కమిటీలో ఇంకో గొడవ:
ఒకే గిన్నెనా, చిట్టి ప్లాస్టిక్ కప్పులా?
జబ్బులు అంటుకుంటాయని ఒకరు,
ఒకే గిన్నె అన్న మాటకి అర్థమేంటని ఒకరు,
నిర్ణయించే అధికారం పాస్టరుదా కమిటీదా అని కోశాధికారి.
బల్ల మీద మూడుసార్లు గుద్దాడు.
ఆ మోత విన్నాను. బిగిసిన రివెట్టు కాదది.

కప్పులే గెలిచాయి.
ఆరాధన అయ్యాక నూట నలభై చిట్టి కప్పులు,
ఒక్కోదాని అడుగున ఒక్కో ఎర్రటి చుక్క.
బయట చెత్తబండి గంట.
తలుపు దగ్గరికి వేసి,
చెప్పులు విడిచి,
మొదటి కప్పులో నీళ్ళు పోశాను.